బీరు సేర్లు

కరోనా మొదటి ఏడాది. టెక్కలిలో ఫోన్ల షాపు పెడదామని దాచుకున్న డబ్బంతా పెట్టి నేను బీరు కంపెనీ షేర్లు కొన్నాను. బార్లు మూతపడ్డాయి, షేర్లు సగానికి పడిపోయాయి. పలాసలో బస్సెక్కి మా బావకి ఫోన్ చేశాను.

“బీరు సేర్లన్నీ అమ్మీమంటావేటి బావా?”

అమ్మీమన్నాడు. మా నోట్లో షేరు ఎప్పుడూ సేరే. పక్క సీట్లో ఉన్న ఉద్దానం పెద్దావిడ దాన్ని కొలత సేరనుకుంది.

“బార్లు మూసీసినప్పుడు బీరెవులు అమ్ముతారు బాబూ? ధర లేనప్పుడు మేం జీడిపిక్కలే అమ్మం, గదిలో ఏసి తాళమేత్తాం. బార్లు తెరవనీ. తాగీవోలు ఎక్కడికి పోతారు?” అంది. మళ్లీ, “పులిసిపోవు కదా?” అని అడిగింది.

“పులవవమ్మా. ఫోన్లోనే దాసినాను.”

ఆవిడ నా ఫోను వంక చూసి, మాస్కు పైకి లాక్కుని, కాస్త దూరం జరిగింది.

అప్పటికి మార్కెట్ పండితులు చాలామంది మాటలు విన్నాను. తాళం సంగతి ఒక్కరూ చెప్పలేదు. అమ్మడం మానేశాను. బార్లు తెరిచారు. తాగేవాళ్లు నిజంగానే ఎక్కడికీ పోలేదు. షేర్లు కొన్న ధర దాటి పైకెళ్లాయి.

షాపు ప్రారంభానికి రిబ్బను కత్తిరించింది బావే. అమ్మొద్దని చెప్పింది తనేనని కత్తెర చేతిలో ఉండగానే అందరికీ చెప్పాడు. గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే.