మెరవకూడని కణాలు మెరిసిన రోజు

మూడు నెలల పరిశోధనను బుగ్గి చేయడానికి అగ్గిపుల్ల అక్కర్లేదు. నాలాంటి తెలివైనవాడు ఒక్కడుంటే చాలు. ఎలాగంటారా? వినండి.

ముంబై పక్కనున్న భివండి పద్మనగర్‌లో మాది గుడ్డల దుకాణం. బేరం నాకు ఉగ్గుపాలతో అబ్బింది. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో ముంబైలో పరిశోధనకు చేరాను. ఇనుముకు తుప్పు పట్టినట్టే కణాల్లోని ప్రోటీన్లూ ఆక్సిజన్ దెబ్బకు పాడవుతాయి. అలా పాడైనవాటినే పట్టుకుని నీలంగా మెరిసే మందు మాది. దెబ్బ తగిలిన కణాలు మెరవాలి, తగలనివి చీకట్లో ఉండాలి. పరీక్షకులకు అది చూపిస్తేనే నా సీటు నిలుస్తుంది. లేదంటే దుకాణంలో గద్దె సిద్ధం.

కణాలు పెట్టే గాజుపలకలు తుడిచే విదేశీ కాగితం ధర చూడగానే నాలోని సేటు లేచి కూర్చున్నాడు. "ఇంత రేటా మేడం? మా గుడ్డ తెస్తా. పాలనురుగు సిగ్గుపడే తెలుపు!" అన్నాను. మా గైడు పాపం నమ్మింది.

మూడు నెలలు ఆ గుడ్డతోనే తుడిచి, దెబ్బ తగిలిన కణాలనే ఫోటోలు తీశాను. పరీక్షకు ముందురోజు మధ్యాహ్నం తగలనివాటిని చూస్తే, అవీ పెళ్లి పందిరిలా వెలుగుతున్నాయి!

"ముంబై గాలికి ముందే తుప్పు పట్టాయి మేడం!"

"అరే, డబ్బాలో పెరిగిన కణాలు గాలి ఎప్పుడు పీల్చాయి?"

సరిగ్గా అప్పుడే నాకు సద్ది తెచ్చిన మా నాన్న, బాపు, "నేనూ జర సూస్త" అంటూ సూక్ష్మదర్శినిలోకి వంగాడు.

"ఈ వంకర తీగ ఏంది? పత్తి నూగు రా ఇది! మెలిక సూడు."

"నూగు మెరుస్తదా బాపూ?"

"మన గుడ్డకు తెలుపు మందు పెడ్తరు గద! గణపతి మండపంల ఊదా లైటు కింద నా అంగి మెరవలే? గట్లనే."

ఖాళీ పలకను మా గుడ్డతో తుడిచి చూశాం. మెరిసింది. కాగితంతో తుడిచిన పలక చీకటి. అంటే వెలిగింది కణాలు కాదు, మా నూగే. మూడు నెలల ఫోటోలు చెత్తబుట్టకెళ్లాయి. కాగితంతో తుడిచిన కొత్త పలకలు మర్నాడు నా సీటు కాపాడాయి. తప్పు ఎవరు పట్టారని పరీక్షకులు అడిగితే, "మా బాపు. ఏడో తరగతి" అన్నాను, ఛాతీ రెండంగుళాలు పొంగించి.

తర్వాత మేడం మా దుకాణానికొచ్చి తెల్లగుడ్డకు ధర తగ్గించమంది.

"అంత పెద్ద మిషన్ల పాసైన తెలుపు మేడం," అన్నాడు బాపు, "పైస తగ్గియ్య!"

ఆ గద్దె సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇక జన్మలో సూక్ష్మదర్శిని దగ్గర బేరమాడను. కూరగాయల బండికి ఈ ప్రమాణం వర్తించదు.