లడాయి కారణం అడుగుకుంట నాగర్‌కర్నూలు దాకా

ఇరాకుల లడాయి మొదలైన ఎండాకాలం నేను గద్వాల నుంచి బిడ్డ ఇంటికి నాగర్‌కర్నూలు పోయిన. నా అల్లుడు కువైట్ల మేస్త్రీ. ప్రతి శుక్రవారం పగటిపూట బిడ్డ ఇంటి పక్క ఎస్టీడీ షాపుకు ఫోన్ చేస్తుండె. రెండు శుక్రవారాలు ఫోన్ రాలేదు. బిడ్డ అన్నం ముడుతలేదని కబురొచ్చింది. తగువు మూలం తెలిస్తే ఎన్నడు తెగేదీ తెలుస్తదని, దారిపొడుగునా అడగాలనుకున్న.

మూడో శుక్రవారం పొద్దుగాల ఆరు గంటల బస్సు. వనపర్తికి టికెట్ పద్దెనిమిది రూపాయలు. ఎడమ కిటికీ పట్టుకుంటే ఎండ తగలదు. ఒళ్లో పల్లినూనె డబ్బా, మూటల జొన్నరొట్టెలు. బీచుపల్లి వంతెన కింద కృష్ణ సగం ఇసుక, సగం వెలుతురు. బస్సు ఆగి నీళ్లే నడుస్తున్నట్టు అనిపించింది. కండక్టర్‌ను లడాయి ఎందుకని అడిగిన.

"అంత నూనె కోసమే అవ్వా. జర నీ డబ్బా దాచిపెట్టుకో," అన్నడు. తరువాత పెట్రోలు నూనె అని విడమర్చిండు.

పక్కన టోపీ పెట్టుకున్న తాత మాత్రం, పెద్దోళ్ల పంతం నిలబడాలంటే చిన్నోళ్ల ఇండ్లు పడాలె అన్నడు. ఇద్దరి మాటా కొట్టెయ్యలేకపోయిన.

ఎనిమిదికి వనపర్తి. బస్టాండుల మిర్చిబజ్జీలు వేడిగ ఉన్నయి గాని నేను నా రొట్టే తిన్న. పక్కామె బజ్జీలు తిని కాగితం పారేస్తుంటే తీసుకున్న, డబ్బా మూతికి పనికొస్తదని. చూస్తే పేపరు ముక్క. రెండో తరగతి చదువుతోని కూడబలుక్కుంట చదివిన: "యుద్ధానికి అసలు కారణాలు." దాని కింద అంత నూనె మరక. వెలుతురుకు పట్టుకుంటే అటుపక్క అక్షరాలు ఇటు అక్షరాల మీదికెక్కినయి. తొమ్మిదింటి బస్సుల, పదహారు రూపాయల టికెట్, ఆ కాగితంల నుంచే చేన్లు చూసిన. అన్నీ మంచుల తేలుతున్నట్టు కనిపించినయి. ఎప్పుడు కండ్లు మూతపడ్డయో తెల్వదు.

పదకొండున్నరకు దిగిన. బిడ్డ ఎస్టీడీ షాపు గడప మీదనే కూర్చున్నది. పక్కన కూర్చొని ఆ కాగితాన్నే తిప్పితిప్పి చూసిన. ఒంటిగంట దాటినంక ఫోన్ మోగింది. ఏం వినాల్సొస్తదో అని బిడ్డ ఫోన్ నా చేతిల పెట్టింది. అల్లునితో ఎన్నడూ ముఖాముఖి మాట్లాడినదాన్ని కాదు. కొంగు తల మీదికి లాక్కున్న. పానం మంచిగనే ఉన్నదట, లైన్లు దొరకలేదట.

"అత్తమ్మా, గీ లడాయి ఎందుకో మాకు ఈడ తెల్వదు. ఆడ పేపర్ల ఏమన్న రాసిండ్రా?"

"రాసిండ్రు అల్లుడా. నూనె పడి కనిపిస్తలేదు."

అల్లుడు నవ్విండు, గడప దాకా వినిపించేటంత. బిడ్డ ఫోన్ గుంజుకున్నది. ఆ పూట నా రొట్టెలు రెండు తిన్నది.

తెల్లారి అదే దారిన వాపస్. ఖాళీ డబ్బా మూతికి ఆ కాగితమే కుక్కిన. ఈసారి ఎవ్వర్నీ ఏమీ అడగలేదు. వంతెన మీద పడమటి దిక్కు చూసిన, అల్లుడుండేది అటే అంటరు. కృష్ణ వచ్చేదీ అటు నుంచే. నీళ్లు ఏడ పుట్టినయో ఈడికి కనిపించదు. వచ్చి తాకేది మాత్రం మన ఒడ్డునే.