ఇరవయ్యో కోత

తొమ్మిదో తరగతిలో నాకు లెక్కల పొగరు బాగా ఉండేది. సిరిసిల్లలో మా సర్కారు బడిలో లెక్కల టాలెంట్ టెస్టు పెట్టినప్పుడు అది తలకెక్కి కూర్చుంది. నలభై ప్రశ్నలు. తప్పు రాస్తే పావు మార్కు కోత. బడి నుంచి మొదటి ఇద్దరికే జగిత్యాలలో జరిగే పై పరీక్షకు పిలుపు. పదో తరగతి అక్క ఒకామెకు మొదటి స్థానం ఖాయమని అందరికీ తెలుసు. ఇక మిగిలింది ఒక్క సీటు. అది నాదేనని నేను బడంతా చెప్పుకొని తిరిగాను.

ఆ సీటుకు నాకు పోటీ ఎవరయ్యా అంటే నా బెంచీలోనే కూర్చునే నా దోస్తు. గంభీరావుపేట దగ్గర పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చేది. వాళ్లమ్మానాన్నలు కూలి పనికి పోయేవాళ్లు. మా ఇద్దరి పద్ధతులకూ పొంతన లేదు. తెలియని ప్రశ్న వస్తే నేను కళ్లు మూసుకొని ఏదో ఒక గుండ్రం నింపేస్తాను. అది మాత్రం ఖాళీగా వదిలేస్తుంది.

"తెల్వంది నేనెందుకు రాస్తనే? పావు మార్కు ఊకెనే అచ్చిందా?" అనేది.

పరీక్ష అయ్యాక రెండు రోజులకు కీ వచ్చింది. వరండాలో కూర్చొని ఎవరి స్కోరు వాళ్లు లెక్కేసుకున్నాం. దానివి ముప్పై ఒకటి ఒప్పు, ఒక్కటీ తప్పు లేదు. అంటే ముప్పై ఒకటి. నావి ముప్పై రెండు ఒప్పు, అయిదు తప్పు. అంటే ముప్పై ముప్పావు. పావు మార్కుతో సీటు దాని ఒళ్లో పడింది. అది సంతోషం దాచుకోవడానికి పెదాలు బిగబట్టుకుంది. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. నా తప్పులు ఒక్కొక్కటే చూస్తూ పోతే ఒక దగ్గర ఆగిపోయాను.

ప్రశ్న ఇది. నేతన్న నేసిన నలభై మీటర్ల బట్టను రెండేసి మీటర్ల ముక్కలు చేయాలంటే ఎన్నిసార్లు కోయాలి? కీలో పందొమ్మిది అని ఉంది. నేను ఇరవై రాశాను. ఊరికే కాదు, తెలిసే రాశాను. నా దోస్తు దాన్ని కూడా ఖాళీగా వదిలేసింది.

లెక్కల సార్ బోర్డు మీద గీత గీసి చూపించారు. చివరి ముక్క దానంతటదే మిగులుతుంది కాబట్టి ఒక కోత తక్కువ పడుతుందన్నారు.

"ఎట్ల మిగుల్తది సార్? కోయకపోతే బట్ట సాంచా మీది నుంచి దిగనే దిగది" అన్నాను.

కరెంటు మగ్గాలను మా ఊళ్లో సాంచాలంటారు. మా బాపు సాంచాల మీదే పని చేసేవాడు. సార్‌ది కోరుట్ల, వాళ్లింట్లో పసుపు పండిస్తారు తప్ప ఎవరూ నేయరు. ఆయన నవ్వి ఊరుకుంటారనుకున్నాను. కానీ సాయంత్రం బడి వదిలాక, "పా బిడ్డా, చూపియ్" అంటూ స్కూటర్ తీశారు. వెనకాల నేనూ, నా వెనక నా దోస్తూ ఎక్కాం.

కార్ఖానాలో సాంచాల చప్పుడుకు సార్ రెండు చెవులూ మూసుకున్నారు. బాపు తన సాంచా ఆపి వచ్చాడు. చేతులకు అంటిన నూనె గుడ్డతో తుడుచుకుంటూ ప్రశ్న మొత్తం విన్నాడు. సార్‌ని సాంచా దగ్గరికి తీసుకుపోయాడు. నేసిన బట్ట ముందువైపు చుట్టుకొని ఉంది. దాని రెండో కొస వెనక నుంచి వచ్చే పడుగు పోగుల్లోనే కలిసి ఉంది.

"గీడ కొస ఏది సార్? బట్టా పోగులూ ఒక్కటే గద. కత్తెర పెడితెనే ఇది బట్ట అయితది. ఆఖరుది సుత కోయాల్సిందే. ఇరవై ముక్కలకు ఇరవై కోతలు" అన్నాడు బాపు.

సార్ వంగి ఆ పోగులను వేలితో తడిమి చూశారు. నా దోస్తు కూడా వంగి చూసింది, అంత దగ్గరగా సాంచాను అది ఎన్నడూ చూడలేదు. "నిజమేనే, కొసనే లేదు" అంది నాతో.

"దించిన బట్టనా, సాంచా మీది బట్టనా ప్రశ్నల చెప్పలే. అభ్యంతరం రాయి బిడ్డా" అన్నారు సార్.

కార్ఖానా గడప మీదే కూర్చొని రాశాను. సాంచా బొమ్మ కూడా వేశాను. బొమ్మలో పడుగు సరిగా రాలేదని నా దోస్తు రబ్బరు తీసుకొని చెరిపి మళ్లీ గీసింది. తన సీటుకే ఎసరు పెట్టే కాగితమని దానికి తెలియదా? తెలుసు. అయినా గీసింది. సార్ ఆ కాగితాన్ని ఫోన్‌లో ఫొటో తీసి పరీక్ష పెట్టినవాళ్లకు పంపించారు.

వారం తర్వాత జవాబు వచ్చింది. ఆ ప్రశ్నను తీసేశారు, రాసినా రాయకపోయినా అందరికీ ఒక మార్కు. దానికి ముప్పై రెండు అయ్యాయి. నాకు కోసిన పావు తిరిగొచ్చి, పైన ఒకటి కలిసి సరిగ్గా ముప్పై రెండు. సమానం వస్తే ఇద్దరినీ పంపాలట! ఇద్దరం వరండాలో చేతులు పట్టుకొని గిరగిరా తిరిగాం. ఆ గోలకు హెడ్మాస్టరు గారు బయటికొచ్చి చీవాట్లు పెట్టినా తిరుగుడు ఆపలేదు.

ఆదివారం సార్ కోరుట్ల నుంచి నేరుగా జగిత్యాల బస్టాండుకు వచ్చి మమ్మల్ని పరీక్ష దగ్గర దింపారు. పేపరు కష్టంగా ఉంది. ముప్పై మూడో ప్రశ్నను రెండుసార్లు చదివాను. అరవై మీటర్ల బట్ట, నాలుగేసి మీటర్ల ముక్కలు, ఎన్ని కోతలు? పదిహేను అని నా చేయి ముందుకు పోయింది. అంతలో భయం పట్టుకుంది. మళ్లీ మార్కు పోతే? ఇక్కడ అభ్యంతరం వింటారో వినరో! పద్నాలుగు నింపేసి గబగబా పేజీ తిప్పాను.

బయటికొచ్చాక నా దోస్తు ముఖం వెలిగిపోతోంది.

"బట్టల లెక్క మళ్ల అచ్చిందే! నేను దమ్ముగ పదిహేను పెట్టిన. మీ బాపు చూపించిండు గద!"

కీలో పద్నాలుగు ఉంది. ఈసారి ఎవరి అభ్యంతరమూ నిలబడలేదు. సర్టిఫికెట్ రావాలంటే ఇరవై ఎనిమిది కావాలి. నాకు ఇరవై ఎనిమిదిన్నర వచ్చాయి. దానికి పావు తక్కువ ఇరవై ఎనిమిది. రెండు పరీక్షల్లోనూ అది రాసిన తప్పు ఆ ఒక్కటే. అయినా పకపకా నవ్వి, నా సర్టిఫికెట్ బాపుకు తనే చూపిస్తానని నా వెంట కార్ఖానాకు వచ్చింది.

బాపు సాంచా ఆపాడు. సర్టిఫికెట్‌ను అంచులు మాత్రమే పట్టుకొని చూసి మురిసిపోయాడు.

"మన బట్టల లెక్క అచ్చిందా?"

"అచ్చింది కాకా. నేను పదిహేను రాసిన, కొట్టేసిండ్రు" అంది నా దోస్తు.

"మరి నువ్వేం రాసినవ్ బిడ్డా?"

"పద్నాలుగు" అన్నాను.

బాపు ఒక్క క్షణం నా వైపు చూశాడు. "మంచిగ రాసినవ్. మార్కు అచ్చింది గద" అని నా తల నిమిరాడు. తర్వాత దాని వైపు తిరిగి, "నువ్వు మాత్రం సాంచా పనికి ఖాయం" అన్నాడు. అందరం నవ్వాం. నేనూ నవ్వాను కానీ సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ సర్టిఫికెట్ ఇప్పటికీ మా ఇంట్లో గోడకు ఉంది. వచ్చిన వాళ్లందరికీ బాపు గొప్పగా చూపిస్తాడు. మా బాపు చెప్పిన లెక్కను నమ్మి పరీక్షలో రాసింది నేను కాదు, నా దోస్తు.