తాళం వేసిన గదిలో బొమ్మ

చిత్తూరు దగ్గర ఒక ప్రైవేటు మెడికల్ కాలేజీలో నేను మత్తు డాక్టరు కోర్సు చదువుతున్న రోజులవి. రోగికి ఊపిరి ఆగితే ఏం చేయాలో నేర్పడానికి మా కాలేజీలో మనిషంత బొమ్మ ఒకటి ఉండేది. తనిఖీ వాళ్లు వచ్చిన రోజు తప్ప ఆ గదికి ఎప్పుడూ తాళమే.

ఒక ఉదయం బంగారుపాళ్యం మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనిచేసే ఒకామెకు ఆపరేషన్. మత్తు ఇచ్చాక ఊపిరి ట్యూబు గొంతులోకి దిగలేదు. మాస్కు పెట్టి గాలి కొట్టినా లోపలికి పోలేదు. ఆమె పెదాలు నీలంగా మారుతున్నాయి. తర్వాత ఏం చేయాలో పుస్తకంలో పేజీతో సహా తెలిసినా నా చేతులు కదల్లేదు. పక్క థియేటర్లోంచి మా ప్రొఫెసర్ మేడం పరుగున వచ్చి, నన్ను నెట్టేసి, వేరే రకం ట్యూబు వేసి ఆమెను బతికించారు.

బయట ఆ రోగి భర్త నాకు చేతులెత్తి మొక్కినాడు. "మీరు లేకుంటే నా పెండ్లాం యాడుండేది తల్లీ" అన్నాడు. నేను తల ఎత్తలేకపోయాను.

మర్నాడు కాలేజీ మేనేజరు దగ్గరికెళ్లి ఆ గది తాళం అడిగాను.

"అందరూ చెయ్యేస్తే బొమ్మ పాడైపోతాది కదమ్మా" అన్నాడు.

"మనుషులు పోతే పర్వాలేదా సార్?"

ఆయన రిజిస్టరు నా ముందుకు తోశాడు. నేను నెలనెలా బొమ్మ మీద శిక్షణ పొందినట్టు అందులో రాసుంది. నా సంతకం ఒక్కటే తక్కువ.

నేను పెట్టలేదు. శిక్షణ పూర్తికాలేదని ఆ ఏడాది నన్ను పరీక్షకు కూర్చోనివ్వలేదు. దానికి నాకు బాధ లేదు. నా తోటివాళ్లంతా సంతకాలు పెట్టి, ఆ బొమ్మను ముట్టకుండానే మత్తు డాక్టర్లయిపోయారు. అది తలచుకుంటేనే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.