ఎద్దుకు పెద్దదైన బొంత

నా చిన్నప్పుడు మా ఇంట్లో చిరిగిన గుడ్డ ఏదీ గడప దాటి బయటికి పోయేది కాదు. మా నాయన పంచె మోకాళ్ల దగ్గర పలచబడితే మా అవ్వ, అంటే నాయనను కన్నతల్లి, దాన్ని ఉతికి ఆరబెట్టి మూటలో దాచేది. అమ్మ పాత రైకలు, నాకు పొట్టివైపోయిన గౌన్లు, ఎవరి పెళ్లిలోనో పెట్టిన వెలిసిపోయిన చీర, అన్నీ చివరికి ఆ మూటలోకే చేరేవి. తీరిక దొరికినప్పుడు వాటిని నేల మీద పరిచి, పొర మీద పొర పేర్చి, నాలుగు మూలలా రాళ్లు పెట్టి బొంత కుట్టేది. విడపనకల్లు దాటి కన్నడదేశం అంచున ఉన్న మా పల్లెలో అవ్వ కుట్టిన బొంత లేని ఇల్లు ఉండేది కాదు.

పసితనంలో వచ్చిన జ్వరానికి నా కాలు ఒకటి సన్నబడిపోయింది. బడి పక్క ఊళ్లో ఉండేది. అంత దూరం నడవలేనని నన్ను ఇంట్లోనే ఉంచేశారు. గోడకున్న దేవుడి పటాల కింద రాసిన పేర్లు చదివిస్తూ అమ్మ అక్షరాలు నేర్పింది. సూది పట్టడం అవ్వ నేర్పింది. ఆ కాలు బాగుండి ఉంటే అవ్వ పక్కన అన్ని రోజులు కూర్చునేదాన్నే కాదు కాబట్టి, ఆ కాలు ఇచ్చినందుకు కూడా నేను దేవుడికి దండం పెట్టుకుంటాను.

అవి తొంభైల చివరి ఏళ్లు. శనక్కాయ చెట్లు కాయ పట్టకముందే ఎండిపోయేవి. ఆ ఏడు ఆ ఎండు చెట్లు పీకిన కట్టె ఎద్దుల మేతకు ఉగాది దాకా కూడా రాలేదు. మా కొట్టంలో ఒక జత ఉండేది. పెద్దది మచ్చలది. రెండోది తెల్లది, మా ఇంట్లోనే పుట్టింది. నేను నడవడం నేర్చుకున్నది దాని మెడ పట్టుకునేనని అమ్మ చెప్పేది. ఉగాది పోయిన కొన్నాళ్లకు నాయన అన్నం ముందు కూర్చుని, ఇక మేపలేను, రెండింటినీ సంతకు తోలుకుపోతాను అన్నాడు. సంతకు కాలువ కింది ఊళ్ల నుంచి రైతులు వచ్చేవారు. కండ ఉన్న ఎద్దును వాళ్లు దున్నకానికి కొనుక్కుపోయేవారు. బక్కచిక్కినవి లారీ ఎక్కి పోయేవి. లారీ ఎక్కినవి ఎక్కడికి పోతాయో పిల్లలకు కూడా తెలుసు.

మా వైపు ఒక అలవాటు ఉంది. ఇంట పెరిగిన ఎద్దును అమ్మితే ఒట్టి వీపుతో పంపరు. కొమ్ములకు నూనె రాసి, నుదుట కుంకుమ పెట్టి, వీపు మీద బొంత కప్పి ఊరి చివరి దాకా నడిపిస్తారు. అక్కడ బొంత తీసుకుని ఎద్దును పంపేస్తారు. మచ్చలదానికి పాత బొంత ఉంది. తెల్లదానికి లేదు. అవ్వ ఆ మాటే పట్టుకుంది. బొంత కుట్టేదాకా ఆగమంది.

"ఎన్నాళ్లయితాదమ్మా?" అని నాయన అడిగాడు.

"కుడితే అయితాదప్పా. నీవేమన్నా కూచోని కుడతావా?" అంది అవ్వ.

ఆ సాయంత్రమే పాత చీర అంచు చించి, మూపురం దగ్గర నుంచి తోక దాకా, ఒక పక్క కడుపు నుంచి ఇంకో పక్క కడుపు దాకా కొలిచి, కొలతకు ముడులు వేసింది. మర్నాటి నుంచి మేమిద్దరం పనిలో కూర్చున్నాం. నేను అంతవరకు నేర్చుకున్నది పొడవు కుట్టు ఒక్కటే. అవ్వ ఆ బొంత మీదే నాకు అన్నీ నేర్పింది. గుడ్డను మూడు మూలలుగా కత్తిరించి ఎదురెదురుగా అతకడం, అంచు లోపలికి మడిచి పువ్వు రేకులు కుట్టడం, ఎర్ర గుడ్డ పక్కన ఏ రంగు పెడితే ఎరుపు లేస్తుందో చూడడం. నడుమ పెద్ద పొద్దు బొమ్మ, దాని చుట్టూ చిలుకలు. అది పూర్తయిన రోజు నాకు పట్టరాని సంతోషం వేసింది. అవ్వ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, చుట్టూ ఇంకో వరస పడాలంది. ఆ వరస అయ్యాక మరో వరస అంది.

పక్కింటి అత్త నీళ్లకు పోతూ రోజూ చూసేది. ఒకరోజు బిందె దించి నవ్వింది.

"ఏమత్తా, ఎద్దుకు కుడ్తాండావా, ఏనుక్కా?"

"ఏనుగు దొరికితే తోలకరామ్మే. దానికీ ఒగటి కుడతా," అంది అవ్వ, సూది ఆపకుండా.

ఆ రోజుల్లోనే కాలువ కింది రైతు ఒకాయన మా ఊరికి ఎద్దుల కోసం వచ్చాడు. తెల్లదాని పళ్లు చూశాడు, మూపురం తట్టాడు. దున్నకానికి పనికొస్తుందని, వెంటనే తోలుకుపోతానని అన్నాడు. నాయన అవ్వ వైపు చూశాడు. అవ్వ బొంత వైపు చూసింది. ఇంకా కాలేదు, ఏరువాక దాటినాక రమ్మని చెప్పి పంపేశారు. ఆయన మళ్లీ రాలేదు.

ఆయన పోయాక అమ్మ అవ్వను నిలదీసింది, ఇంకెన్ని వరసలని. అప్పుడు గాని నాకు విషయం తెలియలేదు. వాన పడితే గడ్డి మొలుస్తుంది, గడ్డి మొలిస్తే ఎద్దులను అమ్మే పని ఉండదు. వాన వచ్చేదాకా బొంతకు ముడి వేయకూడదని అవ్వ అనుకుంది. నాయనకు కూడా అది తెలిసే ఉండాలి. ఎందుకంటే ఆయన రోజూ వచ్చి బొంత చూసి పోయేవాడు గాని, ఎప్పుడు అయిపోతుందని మళ్లీ ఒక్కసారి కూడా అడగలేదు.

తెలిసిన దగ్గర నుంచి నేనూ ఆ పనిలో భక్తిగా కూర్చున్నాను. కుట్టు కుట్టుకూ దేవుడి పేరు తలచుకునేదాన్ని. ఈ వరస ముగిసేలోపల వాన కురిపించమని మొక్కేదాన్ని. ఏరువాక పున్నమి వచ్చింది, పోయింది. మబ్బులు మా నెత్తి మీదుగానే బళ్లారి వైపు పోయేవి. అమ్మ కొట్టం పైకప్పులో నుంచి పాత బోద పీకి ఎద్దుల ముందు వేసేది. నల్లగా మసి పట్టిన ఆ గడ్డిని అవి నమిలేవి. మేము రంగులు ఎంచుకుంటూ ఉండేవాళ్లం.

ఆషాఢంలో ఒకనాడు, చివరి వరసకు ముందు ఒకసారి కప్పి చూద్దామంది అవ్వ. అమ్మా నేనూ పట్టుకుంటే తెల్లదాని మీద పరిచింది. బొంత రెండు పక్కలా జారి పేడలో పడింది. ఆ బరువుకే ఎద్దు ముందుకాళ్లు వంచింది. వరసలు ఎక్కువయ్యాయి అనుకుని అవ్వ ముడులేసిన ఆ చీర అంచు తెచ్చి మళ్లీ కొలిచింది. కడుపు చుట్టూ వేసిన కొలత వదులై వేలాడింది. అవ్వ ఒక ముడి దగ్గర పట్టుకుంది, ఇంకో ముడి దగ్గర పట్టుకుంది. తర్వాత అంచు వదిలేసి, ఎద్దు డొక్క మీద చేయి పెట్టింది. ఆమె వేళ్లు రెండు ఎముకల నడుమకు దిగిపోవడం నేను చూశాను.

దానికి రోజూ కుడితి పెట్టింది మేమే. మేత వేసింది మేమే. అయినా దాన్ని చూసి ఎన్నాళ్లయిందో ఆ క్షణాన మాకెవరికీ గుర్తుకు రాలేదు.

అవ్వ ఆ పేడలోనే కూర్చుండిపోయింది. నాయన కొట్టం వాకిట్లో నిలబడి ఉన్నాడు.

"బొంతనే చూస్తా వచ్చినానప్పా. ఎద్దును చూడ్లేదు. తోలుకోని పో," అంది.

"నేను మాత్రం అడిగినానా అమ్మా," అన్నాడు నాయన.

ఆ మధ్యాహ్నం అవ్వ కత్తెర తీసుకుంది. చుట్టూ వేసిన వరసలన్నీ, రేకులు, మూడు మూలల అతుకులు, నేను మొక్కుకుంటూ కుట్టినవన్నీ, కత్తిరించి పక్కన పెట్టింది. నడుమ పొద్దు, చిలుకలు మిగిలాయి. ఆ రోజున ఆ ఎద్దు ఎంత ఉందో అంతకు అంచు మడిచి కుట్టింది. నేను ఏడిస్తే వద్దనలేదు. దారం చివర ముడి మాత్రం నా చేత వేయించింది.

మర్నాడు పక్కింటి అత్త వచ్చి రెండింటికీ కుంకుమ పెట్టింది. తెల్లది నాలుగు అడుగులకు ఒకసారి ఆగుతూ నడిచింది. నేను ఇంటి దగ్గరే ఉండిపోయాను. ఆ సాయంత్రం నాయన రెండు బొంతలు మడిచి భుజాన వేసుకుని తిరిగి వచ్చాడు. దున్నకానికి ఎవరూ అడగలేదని ఒక్క మాట చెప్పి, కాళ్లు కడుక్కుని లోపలికి పోయాడు. శ్రావణం చివర్లో వాన పడింది. ఉలవలు చల్లుకునేంత వాన. దున్నడానికి మాకు ఎద్దులు లేవు.

ఇప్పుడు నా వసారాలో ఆడపిల్లలు, కోడళ్లు బొంతలు నేర్చుకోవడానికి వస్తారు. కొందరు కప్పుకోవడానికి కుడతారు, కొందరు గోడకు తగిలించే బొమ్మలుగా కుడతారు. వాళ్లకు నేర్పుతున్నదంతా ఆ ఒక్క ఎండకాలంలో నేను నేర్చుకున్నదే. కొత్తవాళ్లు ఎవరికైనా చేయి ఆగదు. ఇంకో వరస వేద్దామక్కా అంటారు. పోయిన ఏడు ఒకామె మంచాన పడిన తల్లి కోసం కుడుతూ, చాలా అందంగా, వరస మీద వరస పెంచుకుంటూ పోయింది. నేను సూది ఆపించి, ముందు ఇంటికి పోయి మీ అమ్మను ముట్టుకుని చూసి రామ్మా అన్నాను. ఆమె ఆ బొంతను అంచు కుట్టకుండానే తీసుకుపోయింది, మళ్లీ తేలేదు. ఎందుకని నేను అడగలేదు.

పొద్దున దీపం వెలిగించి, ఇచ్చినవాటికన్నిటికీ పేరు పేరునా దేవుడికి దండం పెట్టుకోవడం నాకు అలవాటు. అమ్మ నేర్పిన అక్షరాలకు, అవ్వ ఇచ్చిన సూదికి, తినే అన్నానికి. ఈ విద్యకు కూడా పెట్టుకోవాలి. ఇది నా చేతికి వచ్చింది ఆ తెల్లది ఎండిపోతూ నిలబడినన్ని రోజుల్లోనే అని తెలుసు కాబట్టి, అక్కడికి వచ్చేసరికి నాకు ఏ మాటా రాదు. చేతులు మాత్రం జోడించే ఉంచుతాను.