నొసటికెక్కిన బ్యాటరీ పొడి

మా అమ్మాయి లత రోజూ బస్సులో నిజామాబాద్ వెళ్లి ఎమ్మెస్సీ చదువుతున్నప్పటి మాట. ఒక శనివారం బోధన్‌లో మా ఇంట్లో పురాణ పారాయణం పెట్టుకున్నాం. ముందురోజు గుడిలో హోమం జరిగింది. హోమగుండంలోని నల్లటి బూడిదను నేతిలో కలిపి, రక్షగా నొసట పెట్టుకోవడం మా సత్సంగంలో అలవాటు.

పొద్దున పూజగదిలో చిన్న గిన్నెలో నల్లటి పొడి కనిపించింది. పూజారి పంపిన రక్షే అనుకున్నాను. నెయ్యి కలిపి, వచ్చినవాళ్లందరికీ భక్తిగా బొట్టు పెట్టాను. అప్పుడే తలస్నానం చేసి వచ్చిన లత, ఖాళీ గిన్నె చూసి నిలబడిపోయింది.

"అమ్మా, గా పొడి రక్ష కాదే! బ్యాటరీల పెట్టే పాలిమర్ పొడి. సోమవారం సార్లకు సూపియ్యాలె. దేవుని ముందట ఉంటే మంచిదని నేనే పెట్టిన."

"పాలిమర్ అంటే ఏందే?"

"ఒక తీరు ప్లాస్టిక్. కరెంటును దాసుకుంటది."

ప్లాస్టిక్ పిడి పట్టుకుంటే కరెంటు కొట్టదనే నాకు తెలుసు. మరి ఇది కరెంటును ఎలా దాచుకుంటుంది? ఇందరి నొసళ్ల మీద ఏం చేస్తుంది? 'స్వామీ, నీ రక్ష అనే పెట్టాను, నువ్వే కాయాలి' అని మొక్కుకున్నాను.

"అందరు సబ్బుతోని కడుక్కోండ్రి" అంది లత.

పక్కింటి లక్ష్మవ్వ మాత్రం కదల్లేదు. "నేనైతే కడుగ బిడ్డా. పొద్దటి సంది ఉన్న తలనొప్పి గిప్పుడే తగ్గింది."

అందరూ నవ్వారు. లత నవ్వలేదు. అప్పటికప్పుడే బస్సెక్కి ల్యాబ్‌కు పోయింది.

మర్నాడు సాయంత్రం మళ్లీ చేసిన పొడితో తిరిగొచ్చింది. ఈసారి దాన్ని పూజగదికి తేలేదు, సంచిలోనే ఉంచుకుంది. కోపం నా మీదో, దేవుడి మీదో అడగలేకపోయాను. సోమవారం తను బయల్దేరుతుంటే, దేవుడి వైపు తిరగాలో సంచి వైపు తిరగాలో తెలియక, మధ్యలో నిలబడి దండం పెట్టాను.