మల్లయ్య కాక ఉడకబెట్టిన గడ్డ

సూరత్‌లో, పర్వత్ పాటియాలో మా ఇంటి కింద ఒక ఇస్త్రీ దుకాణం ఉంది. గంజి పెట్టిన నూలు చొక్కా మీద వేడి పెట్టె ఆనగానే ఒక వాసన లేస్తుంది, అన్నం అడుగంటబోయే ముందు వచ్చేలాంటిది. ఈ ఊళ్లో మేం నేసేదంతా పాలిస్టరే కనుక ఈ వాసన ఇక్కడ అరుదు. మొన్న మెట్లు దిగుతుంటే అది ముక్కుకు తగిలి అక్కడే నిలబడిపోయాను. మల్లయ్య కాక గుర్తొచ్చాడు. ఇదే ఊళ్లో, లింబాయత్‌లో మేం ఇదివరకు ఉన్న గల్లీవాళ్ల నోట ఆయన గురించి ఒకే ఒక మాట మిగిలింది: లాక్‌డౌన్‌లో విషపు గడ్డ ఉడకబెట్టి జనానికి పంచిన ముసలాయన అని. ఆ మాట పుట్టింది నా నోట్లోంచే. అది అబద్ధం. ఎలా పుట్టిందో, ఆరోజు నేనేం దాచానో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

కాక నాకు చుట్టం కాదు. మా వైపు నుంచి వచ్చిన చేనేత ఇంటి మనిషి. ఊళ్లో గుంటమగ్గం మీద మొదలుపెట్టి, మగ్గం కడుపు నింపని రోజుల్లో సూరత్ చేరి, సాంచాలు బాగుచేసే మాస్టర్ అయ్యాడు. మరమగ్గాలను మేం సాంచాలనే అంటాం. పందొమ్మిదేళ్ల వయసులో నేను ఆయన చేతికింద చేరాను. ఇరవై నాలుగు సాంచాలు ఒక్కసారి మోగుతుంటే పక్కవాడి మాట వినపడదు. కాక మాత్రం తలుపు దగ్గర బీడీ పారేసి, తల కాస్త వంచి విని, నేరుగా వెళ్లి చెడిపోబోయే సాంచా మీద చెయ్యి పెట్టేవాడు. మొదటి నెలలో ఒకరోజు పోగు తెగినా చూడనట్టే నడిపించాను. ఆపితే గజాలు తగ్గుతాయని నా ఆత్రం. ఆయన వచ్చి ఆపేశాడు. తిట్టలేదు. నేసిన బట్టను నా చేతికిచ్చి వెలుతురుకు పట్టమన్నాడు. పొడుగునా సన్నటి గీత. "ఒక్క పోగేరా రాజం. నువ్వు ఆపకపోతివి, గందుకే గింత దూరం వొచ్చింది," అన్నాడు. ఆ ఏడాదంతా రెండు పూటలా నా తిండి ఆయన గదిలోనే. చిన్నమ్మ, అంటే ఆయన భార్య, ఊళ్లోనే ఉండేది. ఆయనే వండేవాడు. ఎవరొచ్చినా ముందు పళ్లెం పెట్టి, తరవాత పేరడిగేవాడు.

ఆయన గది ముందు, సగానికి కోసిన నీళ్ల డ్రమ్ములో, ఒక చెట్టు ఉండేది. అరటాకులాంటి ఆకులే, కాకపోతే పొట్టివి, అంచులకు వక్కరంగు. మనిషెత్తు పెరిగేది. ఎండ పడని సందు కావడం వల్లనేమో, నేను చూసినన్నాళ్లూ పూయలేదు. పక్కింటి గుజరాతీ ఆవిడ అది కేళా అనేది. ఇన్నేళ్లలో ఒక్క గెల కూడా వెయ్యని అరటి ఎక్కడిదని మేం కాకను ఆటపట్టించేవాళ్లం. "సాంచా గూడ గెల ఎయ్యదు. దాన్నెందుకు పట్టుకోని ఉన్నరు మరి?" అనేవాడు. అంతే. దాని పేరేమిటని నేను ఎన్నడూ అడగలేదు.

లాక్‌డౌన్ వచ్చి సాంచాలు ఆగిపోయాయి. గల్లీ అంత నిశ్శబ్దంగా ఉండటం నేనెప్పుడూ వినలేదు. మూడో వారానికి చాలా ఇళ్లలో బియ్యం డబ్బా అడుగు కనబడింది. ఒక సాయంత్రం కాక నన్ను లోపలికి పిలిచాడు. డ్రమ్ములో ఒక పక్క తవ్వి గడ్డలు తీసి, చాలాసేపు ఉడకబెట్టాడు. జిగటగా, చిలగడదుంపకన్నా కాస్త తక్కువ తీపి. రెండు గడ్డలు తిన్నాను, ఇంకొకటి అడిగి తీసుకున్నాను. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

తెల్లవారి ఆయన తవ్వినవాటిలో మిగిలినవన్నీ ఉడకబెట్టి, గిన్నె పట్టుకుని గల్లీలోకి వచ్చాడు. ఎదురింటి భూదేవక్క పళ్లెం పట్టింది గానీ ఇదేం గడ్డ అని అడిగింది. పేరు తనకూ ఎరుక లేదని, వాళ్లమ్మ కూడా గడ్డ అనే అనేదని చెప్పాడు కాక. అవి గాలిని కూడా అనుమానించే రోజులు. భూదేవక్క నావైపు తిరిగి, "రాజన్నా, నీ ఫోన్ల చూడు జర," అంది.

చెట్టుకు ఫోన్ చూపిస్తే అదేమిటో చెప్పే ఏర్పాటు నా ఫోన్లో ఉండేది. ఒక ఆకుకు కెమెరా పెట్టాను. పేర్ల వరుస వచ్చింది. పైన రెండు మూడు తోట మొక్కల పేర్లు, కింద ఒకదాని పక్కన ఎర్రగా విషం అన్న హెచ్చరిక. వీటిలో ఏదో ఒకటి కావచ్చని మాత్రమే ఫోన్ చెప్పింది. నేను అక్కడితో ఆగలేదు. గల్లీ మొత్తం నా నోటివైపు చూడటం అదే మొదటిసారి. "విషమంట. తింటే నాలిక వాస్తదంట, గొంతు మూసుకపోతదంట," అని చదివాను.

పళ్లేలు మోరీలోకి ఒంపేశారు.  కాక నావైపు చూసి, "రాజం, నువ్వు చెప్పు," అన్నాడు.

చెప్పాల్సింది ఒక్క ముక్క. నిన్న తిన్నాను, నాకేం కాలేదు. కానీ అప్పట్లో ఒకరి గదిలోకి మరొకరు పోయారని తెలిస్తే ఇద్దరినీ అందరూ నీళ్లు పట్టుకునే నల్లా దగ్గరికి రానిచ్చేవారు కాదు. నేను ఫోన్‌లోకే చూస్తూ, "చెప్పిన గద కాకా, ఇందుల గిట్లనే ఉన్నది," అన్నాను.

ఆయన గిన్నెలోంచి ఒక గడ్డ తీసి, అందరి ముందూ నిలబడే నమిలి, లోపలికి వెళ్లిపోయాడు. ఆ తరవాత ఆయన గుమ్మం ఎవరూ ఎక్కలేదు. నల్లా దగ్గర ఆయన బిందెను వేరుగా పెట్టించారు. ఊళ్లకు రైళ్లు మొదలవగానే వెళ్లిపోయాడు. పోతూ, డ్రమ్ములో జర నీళ్లు పోస్తుండమన్నాడు. తల ఊపాను. రెండు రోజులకు గల్లీవాళ్లు చెట్టును మొదలంటా నరికారు. మెట్ల మీద నిలబడి చూశాను. మరుసటి ఎండాకాలం, రెండోసారి జబ్బు కమ్ముకున్నప్పుడు, కాక ఊళ్లో పోయాడు. నాకు తెలిసేసరికి దినాలు కూడా అయిపోయాయి.

ఆ వానల్లో నేను గది ఖాళీ చేసి పర్వత్ పాటియాకు మారాను. సామాను దించుతుంటే, గోడవారకు నెట్టేసిన డ్రమ్ములో చుట్టలా చుట్టుకున్న మూడు లేత ఆకులు కనిపించాయి. డ్రమ్మును ఇంటికి తెచ్చుకున్నాను. చలికాలానికి గడ్డ ఊరింది. ఒకటి తీసి, తురిమి, నీళ్లలో పిసికి వడకట్టాను. గిన్నె అడుగున తెల్లటి పిండి పేరుకుంది. పొయ్యి మీద పెట్టి కలిపితే క్షణంలో అద్దంలా మెరిసి చిక్కబడింది. ఆవిరి మొహానికి తగలగానే మా నాయనమ్మ కుంచెతో పడుగు దారాలకు రుద్దుతున్న గంజి కళ్లముందుకొచ్చింది. తరవాత నర్సరీ ఆయన ఆకూ గడ్డా చూసి, మెట్టతామర జాతిలో తినే గడ్డ రకం ఇదని, భయమేమీ లేదని తేల్చేశాడు.

చిన్నమ్మకు ఫోన్ చేశాను. బియ్యం తినడానికే చాలని కాలంలో వాళ్లత్త ఆ గడ్డల పిండితోనే పడుగుకు గంజి కాసేదట. మిగిలింది పిల్లలకు పోసేదట. కాక అది తాగే పెరిగాడు. నేను జరిగిందంతా చెప్పాను, ముందురోజు తిన్న సంగతితో సహా. 

"నువ్వు తిన్నవని నాకు ఎర్కే," అంది చిన్నమ్మ. "రాజంకు మస్తు నచ్చింది, మళ్ల అడిగి తిన్నడు అని చెప్పిండు మీ కాక. గల్లీల అయింది మాత్రం ఒక్క మాట చెప్పలే." మళ్లీ తనే, "ఇప్పుడు నాకు చెప్తే ఏమొస్తది కొడుకా. గాళ్లకు చెప్పు," అంది.

ఆ ఆదివారమే లింబాయత్ వెళ్లాను. భూదేవక్క వాళ్లు భివండీకి మారారట. ఇంకొందరు ఊళ్లకు వెళ్లి మళ్లీ రాలేదు. గదుల్లో అన్నీ కొత్త ముఖాలు. పాతవాళ్లలో మిగిలిన ఒకాయన నా మాటంతా విని, "అయిపోయింది గదనే, ఇంకెందుకు," అని టీ చెప్పాడు. సూరత్ పక్కనున్న జోల్వాలో ఒక కుటుంబం దొరికితే వాళ్లకు చెప్పాను. భూదేవక్క నంబరు ఇప్పటికీ దొరకలేదు. నేనన్న ఆ మాటను ఎవరెవరు ఏ ఊళ్లకు మోసుకుపోయారో, ఎవరి పిల్లలకు కథగా చెబుతున్నారో, అది నేను పట్టుకోలేను. అందుకే మల్లయ్య కాకను ఎన్నడూ చూడని మీకు చెబుతున్నాను. ఆయన పెట్టింది మంచి తిండి. నేను తిన్నాను. తియ్యగా ఉంది.